ధ్వనికి దిక్కు చూపిన బ్లమ్లైన్

సంగీత సభలో కూర్చున్న రసికుడు కన్నులు మూసుకొన్నా సరే, గాయకుడు వేదిక నడుమ ఉన్నాడనీ, ఫిడేలు ఒక పక్కనుండి, మృదంగం మరొక పక్కనుండి వినవస్తున్నాయనీ ఇట్టే గ్రహిస్తాడు. ఈ జ్ఞానం అతనికి ఏ గురువూ నేర్పింది కాదు. రెండు చెవులు గల ప్రతి జీవికీ అది పుట్టుకతోనే అబ్బిన సంపద. కాని ఆ కచేరీనే గ్రామఫోను రికార్డు మీదికి ఎక్కించి ఇంటికి తెచ్చుకొన్న తరువాత, చాలా ఏళ్లపాటు, గాయకుడూ ఫిడేలు విద్వాంసుడూ మార్దంగికుడూ ముగ్గురూ ఒకే పెట్టెలోని ఒకే రంధ్రంలోనుండి పలికేవారు. రాగం ఉన్నది, తాళం ఉన్నది. దిక్కు మాత్రం లేదు. ఇరుకైన ఆ రంధ్రాన్ని విశాలమైన వేదికగా మార్చే మార్గాన్ని ఆమూలాగ్రంగా ఆలోచించి లోకానికి అందించిన మేధావి ఆలన్ డవర్ బ్లమ్లైన్. నేడు ఏ ఇంట స్టీరియో యంత్రం మ్రోగినా, ఏ గృహస్థు తన రెండు లౌడుస్పీకర్లకు రెండు యాంప్లిఫైయర్లు అమర్చుకొన్నా, అక్కడ ఆయన ఋణం కొంత ఉన్నట్లే. యంత్రశాస్త్రం ఎరిగినవారికి ఆయన ఎంత సుప్రసిద్ధుడో, ఆయన కృషి ఫలాన్ని నిత్యం అనుభవించే శ్రోతలకు అంత అపరిచితుడు. అట్లా కావటానికి కారణం ఆయన జీవితంలోనే ఉన్నది. అంతకు మించి ఆయన మరణంలో ఉన్నది.

బ్లమ్లైన్ 1903వ సంవత్సరం జూన్ 29వ తేదీన లండను నగరంలోని హాంప్‌స్టెడ్‌లో జన్మించాడు. తండ్రి సెమీ బ్లమ్లైన్ జర్మనీ దేశంలో పుట్టి బ్రిటిషు పౌరసత్వం స్వీకరించినవాడు, గనుల ఇంజనీరు. తల్లి జెస్సీ, దక్షిణాఫ్రికాలో మతప్రచారం చేసిన విలియం డవర్ అనే మిషనరీ కుమార్తె. తల్లి పుట్టింటి పేరే బాలుని పేరులో నిలిచింది. చిన్నతనంలోనే ఆలన్ ఇంటి తలుపు గంటను బాగుచేసి, చేసిన పనికి తండ్రి పేర బిల్లు వ్రాసి, తనను విద్యుత్తు ఇంజనీరుగా పేర్కొని సంతకం చేశాడని ఆ కుటుంబంలో చెప్పుకొనేవారు. అప్పటికి ఆయన వయస్సు ఏడేళ్లు. విచిత్రమేమంటే, ఇట్టి బాలునికి పుస్తకం చదవటం మాత్రం చాలా కాలం పట్టుబడలేదు. పన్నెండవ ఏడు వచ్చేదాకా ఆయన తడుముకోకుండా చదవలేకపోయాడు. అక్షరాలు తొందరగా రాని పిల్లవానికి లెక్కలు మాత్రం ఎదురు లేకుండా వచ్చాయి. ఒక విద్యలో వెనుకబడిన శిష్యుణ్ణి అన్నిటా మందమతిగా లెక్క గట్టే ఉపాధ్యాయులు ఈ సంగతి ఒకసారి స్మరించుకోదగ్గది.

హైగేటు పాఠశాలలో చదువు ముగించుకొని ఆయన లండనులోని సిటీ అండ్ గిల్డ్సు కాలేజీలో చేరాడు. 1923లో ప్రథమ శ్రేణిలో పట్టభద్రుడైనాడు. కొద్దికాలం అక్కడే ఆచార్య మాలెట్టు వద్ద పరిశోధన సాగించి, ఇద్దరూ కలిసి వ్రాసిన పత్రానికి విద్యుత్తు ఇంజనీర్ల సంస్థ పారితోషికం పొందాడు. 1924లో ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలెక్ట్రిక్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. అక్కడ ఆయనకు అప్పగించిన పని దూరపు టెలిఫోను తీగలది. ఒకే కేబులులో పక్కపక్కన పోతున్న తీగలలో ఒకరి సంభాషణ మరొకరి తీగలోకి చొరబడి వినవచ్చేది. ఈ అతిక్రమణను అరికట్టటమే ఆ యువకునికి వచ్చిన మొదటి పెద్ద పరీక్ష. ఐరోపా దేశాలలో తిరిగి, కొలతలు తీసి, కారణాలు వెదికి, సహోద్యోగితో కలిసి దానికి విరుగుడు కనిపెట్టాడు. ఆ కొలతలకోసమే ఆయన కల్పించిన విద్యుత్తు తులాయంత్రం ఉత్తరోత్తరా ప్రయోగశాలలలో చిరస్థాయిగా నిలిచింది. పక్కపక్కన నడిచే రెండు సంకేతాలు ఒకదానిలో ఒకటి కలవకుండా కాపాడటం ఎట్లా అనే ప్రశ్న ఆయన మనస్సులో ఆనాడే నాటుకొన్నది. ఆ తరువాత ఆయన చేసిన మహాకార్యానికి అదే బీజమని చెప్పవచ్చు.

1929లో బ్లమ్లైన్ కొలంబియా గ్రాఫోఫోను కంపెనీలో చేరాడు. ఆ సంస్థలో పరిశోధనకు నాయకుడు రష్యానుండి వచ్చి స్థిరపడిన ఐజక్ షోయన్‌బర్గ్. ఆ రోజులలో రికార్డులు తయారుచేయటానికి మైక్రోఫోను, యాంప్లిఫైయరు, విద్యుత్తుతో నడిచే కోత సూది వాడుకలోకి వచ్చి నాలుగైదేళ్లయింది. కాని ఆ పద్ధతిపై పేటెంటు హక్కులు అమెరికా సంస్థ చేతిలో ఉండటంచేత ప్రతి రికార్డుకూ రుసుము చెల్లించవలసి వచ్చేది. ఆ హక్కులకు తగలకుండా కొత్త యంత్రం నిర్మించటం బ్లమ్లైన్‌కు ఒప్పగించిన పని. హోల్మన్ అనే సహచరునితో కలిసి ఆయన తీగచుట్ట కదిలే తరహాలో ఒక కోత యంత్రాన్ని నిర్మించాడు. రుసుము తప్పించుకోవటంకోసం పుట్టిన ఆ యంత్రం, తీరా చూస్తే, పాతదానికంటె మేలైన నాదాన్ని ఇచ్చింది. 1931లో కొలంబియా, హిజ్ మాస్టర్స్ వాయిస్ కంపెనీలు ఏకమై ఇ.ఎం.ఐ. సంస్థ ఏర్పడింది. కుక్క బొమ్మ గల రికార్డులూ, కొలంబియా రికార్డులూ తెలుగువారి ఇండ్లలో ఎంత చిరపరిచితాలో చెప్పనక్కరలేదు. మన హరికథలూ, నాటక పద్యాలూ, సినిమా పాటలూ ఆ గుర్తుల క్రిందనే ఇంటింటికీ చేరాయి. ఆ రెండు గుర్తులకూ వెనుక నిలిచిన పరిశోధనశాల మిడిల్‌సెక్సులోని హేయ్సు అనే ఊళ్లో ఉండేది. బ్లమ్లైన్ కర్మభూమి అదే.

ఆ సంవత్సరంలోనే ఆయన తనకు కాబోయే భార్య డోరీన్ లేన్‌తో కలిసి ఒక సినిమాకు వెళ్లాడు. టాకీలు కొత్తగా వచ్చిన రోజులు. తెరమీద పాత్రధారి ఒక చివరనుండి మరొక చివరకు నడుస్తున్నాడు. అతని మాట మాత్రం ఉన్నచోటనే ఉండి, ఒకే లౌడుస్పీకరునుండి వినవస్తున్నది. ప్రేక్షకులందరూ దానిని సహించి ఊరుకొన్నారు. బ్లమ్లైన్ ఊరుకోలేదు. మాటను మనిషితోపాటు నడిపించే ఉపాయం తనకు తెలుసునని ఆ రాత్రే ఆమెతో అన్నాడట. ఊరికే అనటం కాదు. 1931 డిసెంబరు 14వ తేదీన ఆయన పేటెంటు కార్యాలయానికి దరఖాస్తు సమర్పించాడు. 394325 అనే అంకె గల ఆ పేటెంటు 1933 జూన్‌లో మంజూరయింది. అందులో డెబ్బది హక్కులు ప్రతిపాదించాడు. ధ్వనిని గ్రహించటం, రికార్డు మీద లిఖించటం, తిరిగి పలికించటం, సినిమాకు జతచేయటం మొదలైన సమస్త అంశాలూ ఆ ఒక్క పత్రంలో ఇమిడి ఉన్నాయి. ఒక శాస్త్రం పుట్టిననాడే ఇంత సమగ్రంగా పుట్టటం అరుదు.

రెండు చెవులకోసం రెండు తీగలు అనే ఊహ బ్లమ్లైన్‌తో మొదలైంది కాదు. 1881లోనే పారిస్ నగరంలో క్లెమాన్ అడేర్ అనే ఇంజనీరు నాటకశాలనుండి రెండు టెలిఫోను తీగలు లాగి, రెండు గొట్టాలు చెవులకు ఆన్చుకొన్నవారికి వేదికను వినిపించాడు. బ్లమ్లైన్‌కు సమకాలంలోనే అమెరికాలోని బెల్ పరిశోధనశాలవారు కూడా ఈ దిశగా ప్రయోగాలు చేస్తున్నారు. అయితే చెవులకు గొట్టాలు తగిలించుకొన్నవాని సమస్య వేరు, ఇంట్లో కుర్చీలో కూర్చున్న శ్రోత సమస్య వేరు. గొట్టాలలో ఎడమ శబ్దం ఎడమ చెవికే పోతుంది. గదిలో ఎడమ లౌడుస్పీకరు పలికిన శబ్దం రెండు చెవులకూ వినిపిస్తుంది. ఈ భేదాన్ని గుర్తించి, దానికి తగిన ఉపాయం పన్నటంలోనే బ్లమ్లైన్ ప్రతిభ ఉన్నది.

మానవుని చెవి దిక్కును తెలుసుకొనే మార్గాలు ముఖ్యంగా రెండు. ఎడమ పక్కన పుట్టిన శబ్దం ఎడమ చెవికి ముందుగా, కుడి చెవికి ఒకింత ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యవ వంతుకు లోపే. మంద్రస్థాయి స్వరాలలో చెవి ఈ కాలభేదాన్ని పట్టుకొంటుంది. తారస్థాయి స్వరాలకు తల అడ్డువచ్చి నీడ పడుతుంది. కనుక అవతలి చెవికి శబ్దం తగ్గి వినిపిస్తుంది. అక్కడ చెవి బలాబలాలను పోలుస్తుంది. గదిలో రెండు లౌడుస్పీకర్లు పలికేటప్పుడు కాలభేదాన్ని తిన్నగా చెవులకు అందించటం వీలు కాదు. కాని ఒక లౌడుస్పీకరు కొంచెం హెచ్చుగా, మరొకటి కొంచెం తగ్గుగా పలికితే, ఆ రెండు శబ్దాలూ చెవుల దగ్గర కలిసి, మంద్రస్థాయిలో సహజమైన కాలభేదంతో సమానమైన ఫలితాన్నే కలిగిస్తాయని బ్లమ్లైన్ గణితంతో నిరూపించాడు. అనగా బలంలోని తేడా కాలంలోని తేడాగా పరిణమిస్తుంది. స్టీరియో విద్య యావత్తూ ఈ ఒక్క సూత్రం మీద నిలిచి ఉన్నది.

ఈ సూత్రాన్ని ఆచరణలో పెట్టటానికి ఆయన రెండు మార్గాలు చూపాడు. దగ్గర దగ్గరగా ఉంచిన రెండు మైక్రోఫోనులు గ్రహించిన సంకేతాల మొత్తాన్నీ, భేదాన్నీ వేరుచేసి, భేదాన్ని తగినట్లు దిద్ది, తిరిగి మొత్తంతో కలిపి ఎడమ కుడి సంకేతాలను రాబట్టటం మొదటిది. రెండు మైక్రోఫోనులను ఒకే చోట, ఒకదానికొకటి లంబకోణంలో నిలిపి, ముందు వెనుకలనుండి వచ్చే శబ్దాన్ని మాత్రమే స్వీకరించి పక్కలనుండి వచ్చేదాన్ని విడిచిపెట్టే తరహావి వాడటం రెండవది. ఈ రెండవ అమరికకు నేటికీ ఆయన పేరే ఉన్నది. లోకంలోని ధ్వనిముద్రణ శాలలలో నేటికీ దానిని వాడుతూనే ఉన్నారు.

ఇక రికార్డు సంగతి. రెండు సంకేతాలకు రెండు గాడులు కోస్తే రికార్డు ఆడే కాలం సగమవుతుంది. రెండు ముళ్లూ ఒకే అడుగున నడవటం కష్టమవుతుంది. ఒకే గాడిలో రెండింటినీ ఇమిడ్చి, ఒకదానితో ఒకటి కలవకుండా చూడాలి. టెలిఫోను తీగలతో కుస్తీ పట్టిన నాటి సమస్యే ఇక్కడ మారువేషంలో ఎదురైంది. గాడికి రెండు గోడలున్నాయి. ఒక్కొక్క గోడ నలభై అయిదు డిగ్రీల వాలులో ఉన్నది. ఎడమ సంకేతాన్ని ఒక గోడమీద, కుడి సంకేతాన్ని రెండవ గోడమీద లిఖిస్తే, ఆ రెండు కదలికలూ పరస్పరం లంబంగా ఉండటంచేత ఒకటి మరొకదానిని తాకదు. ఒకే ముల్లు రెండు మాటలను తడబడకుండా చదవగలుగుతుంది. నేటి స్టీరియో రికార్డులలో గాడిని కోసే విధానం ఇదే.

1933 చివరలో హేయ్సులో మొదటి ప్రయోగ రికార్డులు తయారైనాయి. సహోద్యోగులు మాట్లాడుతూ వేదికపై అటూ ఇటూ నడిచారు; వారి మాటలు వారితో నడిచాయి. 1934 జనవరిలో లండనులోని అబీ రోడ్డు ధ్వనిముద్రణ శాలలో సర్ థామస్ బీచమ్ మోజార్టు రచించిన జూపిటర్ సింఫనీని వాద్యబృందంచేత వాయిస్తుండగా బ్లమ్లైన్ దానిని స్టీరియోలో ముద్రించాడు. 1935లో హేయ్సు స్టేషనులో రైళ్లు వస్తూ పోతూ ఉండే దృశ్యాన్ని ధ్వనితో సహా చిత్రించారు. తెరమీద రైలు నడిచినట్లే శబ్దమూ నడిచింది. సినిమాహాలులో డోరీన్‌కు చెప్పిన మాట నాలుగేళ్లలో నెరవేరింది.

కాని లోకం ఆ వరాన్ని అందుకోవటానికి సిద్ధంగా లేదు. అవి ఆర్థికమాంద్యపు దినాలు. ఒక యాంప్లిఫైయరు, ఒక లౌడుస్పీకరు గల పెట్టెను కొనటమే సామాన్యునికి భారంగా ఉన్నప్పుడు, రెండేసి కొనుమని ఎవరు చెప్పగలరు? లక్కతో చేసిన నాటి రికార్డుల బరబర ధ్వని కూడా సున్నితమైన ఈ విద్యకు అనుకూలించలేదు. కంపెనీవారు ఆ పనిని పక్కకు పెట్టి, బ్లమ్లైన్‌ను టెలివిజను వైపు మళ్లించారు. తన ప్రాణప్రదమైన ఆవిష్కరణ అటకెక్కుతుంటే ఆయన కుమిలిపోతూ కూర్చోలేదు. కొత్త పనిని అంతే ఉత్సాహంతో చేపట్టాడు.

షోయన్‌బర్గ్ నాయకత్వాన ఇ.ఎం.ఐ. బృందం 405 గీతల టెలివిజను విధానాన్ని నిర్మించింది. బెయిర్డు అనే ప్రసిద్ధుడు పోటీకి నిలిపిన 240 గీతల విధానంతో పాటు అది 1936 నవంబరు 2వ తేదీన లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌నుండి ప్రసారం ప్రారంభించింది. కొద్ది నెలలలోనే బెయిర్డు పద్ధతిని విడిచిపెట్టి ఇ.ఎం.ఐ. పద్ధతినే స్వీకరించారు. 1985 వరకూ బ్రిటనులో 405 గీతల ప్రసారం సాగింది. ఆ విధానంలోని సంకేత స్వరూపం, చిత్రంలోని నలుపును స్థిరంగా నిలిపే ఉపాయం మొదలైనవాటిలో బ్లమ్లైన్ హస్తం ఉన్నది. 1937 మే నెలలో ఆరవ జార్జి పట్టాభిషేకపు ఊరేగింపు దృశ్యాలను ప్రసారకేంద్రానికి చేర్చిన కేబులు వెనుక కూడా ఆయన కృషి ఉన్నది.

ఈ కాలంలోనే ఆయన యాంప్లిఫైయరు నిర్మాణంలో రెండు శాశ్వతమైన మార్పులు తెచ్చాడు. 1936లో పేటెంటు కోరిన మొదటిది, రెండు వాల్వులను ఒకే నిరోధం మీద జంటగా నిలిపి, రెండింటికీ సమానంగా వచ్చే అలజడిని త్రోసిపుచ్చి, రెండింటి మధ్య భేదాన్ని మాత్రమే పెంచే అమరిక. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చినా ఆ అమరిక పోలేదు. నేటి ఆడియో యాంప్లిఫైయర్లలో అత్యధిక భాగానికి ముఖద్వారంలో ఆ జంటయే కాపలా కాస్తున్నది. 1937 నాటి రెండవది, వాల్వు యాంప్లిఫైయరు చివరి అంకంలో ట్రాన్స్‌ఫార్మరు నడుమనుండి ఒక తీగను వెనుకకు ఇచ్చి, వికృతిని తగ్గించే ఉపాయం. 1951లో హాఫ్లర్, కీరోస్ అనే అమెరికా ఇంజనీర్లు దానిని అభివృద్ధి చేసి అల్ట్రాలీనియర్ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. గృహాలలో సంగీతం వినే వాల్వు యాంప్లిఫైయర్లకు అది ఆదర్శప్రాయమైంది.

1933లో బ్లమ్లైన్ డోరీన్‌ను వివాహమాడాడు. వారికి ఇద్దరు కుమారులు కలిగారు. విమానయానమంటే ఆయనకు మిక్కిలి ఇష్టం. స్వయంగా విమానం నడపటం నేర్చుకొన్నాడు. సంగీతమన్నా, గుర్రపు స్వారీ అన్నా ప్రీతి. పరిశోధనశాలలో ఆయన ఒక చోట కుదురుగా కూర్చునేవాడు కాదు. యంత్రం కట్టకముందే అది ఎట్లా పనిచేయవలెనో కాగితంమీద లెక్క కట్టి తేల్చాలనేది ఆయన నియమం. కట్టి చూచి, చెడితే దిద్దుకోవటం ఆయనకు నచ్చేది కాదు. ఉద్యోగ జీవితంలో ఆయన పేర 128 పేటెంట్లు వెలిశాయి. ఇంచుమించు నెలన్నరకు ఒకటి చొప్పున అన్నమాట.

1939లో యుద్ధం వచ్చిపడింది. ఇ.ఎం.ఐ. పరిశోధనశాల సైన్యానికి సేవ చేయసాగింది. చీకటిలో శత్రు విమానాల రొదను విని దిక్కు కనిపెట్టే కొమ్ము యంత్రాలు ఆనాడు ఉండేవి. వాటికి మనుష్యుల చెవులకు బదులు మైక్రోఫోనులు అమర్చి, ఆ దిక్కును గాజు తెరమీద కంటికి కనిపించేటట్లు చేసే సాధనాన్ని బ్లమ్లైన్ బృందం రూపొందించింది. సంగీత శ్రోతకోసం పుట్టిన విద్య నగర రక్షణకు ఉపకరించింది. రాత్రి విమానాలలో అమర్చే రాడారుకు, శత్రువు మరీ దగ్గరకు వచ్చినప్పుడు కనబడకుండా పోయే లోపం ఉండేది. దానిని సవరించటంలోను ఆయన తోడ్పడ్డాడు. క్షణంలో అతిస్వల్ప భాగంపాటు మహాశక్తిని విడుదల చేయటానికి ఆయన కల్పించిన తీగల అమరిక నేటికీ ఆయన పేరుతోనే లేజరు యంత్రాలలో కనిపిస్తుంది.

1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ అనేవారు మాగ్నెట్రాన్ అనే శక్తివంతమైన సూక్ష్మతరంగ జనకాన్ని నిర్మించారు. దాని సాయంతో విమానం కడుపు క్రింద రాడారు అమర్చి, మేఘాలు కమ్మినా, చీకటి ఆవరించినా క్రింది నేల పటంలా కనిపించేటట్లు చేయాలని ప్రభుత్వం సంకల్పించింది. బెర్నార్డ్ లవెల్ ఆ పనికి నాయకుడు. ఇ.ఎం.ఐ. పక్షాన బ్లమ్లైన్ దానిని స్వీకరించాడు. 1942 జూన్ 7వ తేదీ, ఆదివారం మధ్యాహ్నం, హాలిఫాక్సు బాంబరు విమానం ఒకటి డెఫర్డు విమానాశ్రయంనుండి ప్రయోగార్థం ఎగిరింది. అందులో పదకొండుగురున్నారు. ఇ.ఎం.ఐ. వారు ముగ్గురు: బ్లమ్లైన్, సెసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లైథెన్. సాయంకాలం నాలుగు గంటలు దాటిన తరువాత, వై నది ఒడ్డున వెల్ష్ బిక్నర్ అనే పల్లె సమీపాన కుడి రెక్క చివరి ఇంజనులో మంటలు లేచాయి. రెక్క కాలి, విమానం తలక్రిందులై కూలింది. ఒక్కరూ మిగలలేదు. మరి మూడు వారాలు గడిస్తే బ్లమ్లైన్‌కు ముప్ఫై తొమ్మిదేళ్లు నిండేవి.

మంటలకు మూలం శత్రువు కాదు. ఇంజనులోని ఒక కవాటానికి సంబంధించిన చిన్న నట్టును మరమ్మతు వేళ తగినంత బిగించకపోవటం. ఆ వదులు కారణంగా కవాటం అలసి విరిగింది, ఇంధనం అంటుకొన్నది. ప్రతి లెక్కనూ ముందే సరిచూచుకొనే మనిషి, మరొకరి చేతి క్రింద బిగియని నట్టుకు బలి అయినాడు. యంత్రాల ముందు నిలిచి పనిచేసే ప్రతి ఒక్కరూ తలచుకోవలసిన విషయమిది. గొప్ప ఊహలు కూడా చివరకు చిన్న మరల మీదనే ఆధారపడి ఉంటాయి.

ఆ రాడారు సంగతి శత్రువుకు తెలియరాదు. కనుక ఆ మరణాల వార్తను ప్రభుత్వం గోప్యంగా ఉంచింది. అంతటి శాస్త్రజ్ఞునికి యుద్ధకాలంలో పత్రికలలో ఘనమైన నివాళి వెలువడలేదు. మిగిలిన సహచరులు పని కొనసాగించారు. 1943 జనవరి చివర ఆ రాడారు మొదటిసారి యుద్ధంలోకి దిగింది. అది జర్మను నగరాల మీద బాంబులకు దారి చూపింది; సముద్రంలో జలాంతర్గాములను కూడా పట్టి ఇచ్చింది. పాటకు వేదిక కల్పించిన మేధస్సే విధ్వంసానికి కన్నుగా మారవలసి రావటం ఆ యుగపు విషాదం. దానిని ఒక్క వ్యక్తి తప్పుగాను, ఒప్పుగాను తేల్చి చెప్పటం సులభం కాదు.

యుద్ధం ముగిసింది. సన్నని గాడులు గల లాంగ్‌ప్లే రికార్డులు వచ్చాయి. 1958 నాటికి స్టీరియో రికార్డులు అంగళ్లలోకి దిగాయి. గాడి గోడలు బ్లమ్లైన్ చెప్పిన నలభై అయిదు డిగ్రీలలోనే కోశారు. అప్పటికి పేటెంటు గడువు తీరిపోయింది. కన్నవాడు పోయి పదహారేళ్లయింది. పుట్టిన పేటెంటు పుట్టినట్లే పనికివచ్చింది గాని, దానివల్ల ఇంటికి రావలసిన ఫలం రాలేదు.

అప్పటినుండి గృహస్థులకు కొత్త చిక్కు వచ్చింది. ఒక యాంప్లిఫైయరు ఉన్నచోట రెండు కావాలి. ఉన్నదానికి తోడు మరొక రకం యాంప్లిఫైయరు తెచ్చి జతచేస్తే, ఒక పక్క హెచ్చు, మరొక పక్క తగ్గు అయి గాయకుడు వేదిక నడుమనుండి ఒక మూలకు జరిగిపోతాడు. బలంలోని తేడాయే దిక్కును నిర్ణయిస్తుందని బ్లమ్లైన్ చెప్పిన సూత్రమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. కనుక ఎడమ కుడి మార్గాలు రెండూ అన్ని విధాలా సమానంగా ఉండవలెననేది మొదటి నియమం. ఒక లౌడుస్పీకరు తీగలు తారుమారైతే మొత్తం ఉండవలసిన చోట భేదం వస్తుంది. మంద్రస్వరం పలచబడి, గాయకుడు ఎక్కడ ఉన్నాడో తెలియకుండా పోతుంది.

కొందరు ఒక్కొక్క లౌడుస్పీకరుకు ఒక్కొక్క విడి యాంప్లిఫైయరును దాని చెంతనే ఉంచుతారు. విద్యుత్తు సరఫరా కూడా వేరుగా ఉండటంచేత ఒక పక్కది మరొక పక్కకు చొరబడదు. మరికొందరు మంద్రానికి ఒకటి, తారానికి ఒకటి చొప్పున ఒక్కొక్క పక్కకు రెండేసి మార్గాలు కల్పిస్తారు. ఇందులో రెండు పద్ధతులున్నాయి. రెండు స్టీరియో యాంప్లిఫైయర్లు అచ్చంగా ఒకే రకానివైతే, ఒకదానిని ఎడమ పెట్టెకు, మరొకదానిని కుడి పెట్టెకు అప్పగించవచ్చు. అవి వేరు వేరు రకాలైతే, ఒకటి రెండు పక్కల మంద్రాన్నీ, మరొకటి రెండు పక్కల తారాన్నీ వహించటం మేలు. అప్పుడు యంత్రాల తేడా మంద్ర తారాల మధ్య పడుతుందే గాని ఎడమ కుడిల మధ్య పడదు. మంద్ర తారాల హెచ్చుతగ్గులను మీటతో సవరించుకోవచ్చు. పెట్టె వెనుక మంద్ర తార కొనలను కలిపే లోహపు పలకను ముందుగా తీసివేయవలె. తీయకపోతే ఒక యాంప్లిఫైయరు మరొకదాని మీద పడి రెండూ చెడిపోయే ప్రమాదం ఉన్నది. రెండింటిని వ్యతిరేక దిశలలో నడిపి ఒకే లౌడుస్పీకరుకు కట్టే పద్ధతి కూడా కలదు. అందువల్ల శక్తి పెరుగుతుంది. కాని ఎనిమిది ఓముల లౌడుస్పీకరు ఒక్కొక్క యాంప్లిఫైయరుకు నాలుగు ఓములుగా తోస్తుంది. ఆ భారం మోయగలదని తయారీదారు చెప్పిన యంత్రానికే అది తగును. ఈ అమరికలన్నిటిలో ఏది మంచిదో తేల్చటానికి గీటురాయి ఒక్కటే. ఎడమకు, కుడికి నడుమ ముద్రణ వేళ ఉన్న భేదం, ఇంట్లో వినేటప్పుడు పెరగకుండా, తరగకుండా చెవికి అందవలె. వాట్ల సంఖ్య దాని తరువాతిది.

బ్లమ్లైన్‌కు లభించవలసిన కీర్తి చాలా ఆలస్యంగా లభించింది. 1977లో లండనులోని ఈలింగ్‌లో ఆయన నివసించిన ఇంటికి స్మారక ఫలకం అమర్చారు. సమగ్రమైన జీవిత చరిత్రలు 1999, 2000 సంవత్సరాలలో గాని వెలువడలేదు. 2015లో అబీ రోడ్డులో ఆయన ఆవిష్కరణకు అంతర్జాతీయ ఇంజనీర్ల సంఘం ఫలకం నిలిపింది. 2017లో గ్రామీ సాంకేతిక పురస్కారం ఆయన పేర ప్రకటించారు. ఆయన మరణించి అప్పటికి డెబ్బది అయిదేళ్లు.

2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన నాటినుండి రాజేంద్రనగరు పరిసరాలవారికి రాత్రింబవళ్లు విమానాల రాకపోకలు పరిపాటి అయినాయి. వర్షాకాలపు రాత్రి మబ్బులను చీల్చుకొంటూ దిగే ఆ విమానాల ముక్కులలో, ముందున్న తుపాను మేఘాలను పసిగట్టే రాడారు ఉంటుంది. సూక్ష్మతరంగాలతో చీకటిని చదివే ఆ విద్య, బ్లమ్లైన్, ఆయన సహచరులు ప్రాణాలు ధారపోసిన విద్యకు వారసురాలే. పల్లెలను, పట్టణాలను గుర్తించి బాంబులు వేయటంకోసం పుట్టినది నేడు ప్రయాణికులను క్షేమంగా ఇల్లు చేరుస్తున్నది. ఆ విమానం రొద ఇంటి కప్పుమీదుగా తూర్పునుండి పడమరకు సాగిపోతుంటే, లోపల మంచంమీద ఉన్నవాడు చూడకుండానే దాని దారిని చెప్పగలడు. రెండు చెవులు ప్రకృతి ఇచ్చినవి. అవి చేసే పనిని లెక్కగట్టి, యంత్రానికి నేర్పి, మన ఇంటి పాటకు ఎడమ కుడిలను ప్రసాదించినవాడు బ్లమ్లైన్. ఆయన స్వరాన్ని భద్రపరచిన రికార్డులు వ్రేళ్ల మీద లెక్కించదగినన్ని. ఆయన విద్య మాత్రం ప్రతి ఇంటా వినిపిస్తూనే ఉన్నది.